సేంద్రియపు కూరల అంగడి: కొనువారు అడుగవలసినది, అమ్మువారు చెప్పవలసినది

సేంద్రియ పద్ధతిని పండించిన కూరగాయలు, బియ్యము, పప్పులు, బెల్లము అమ్ము అంగళ్లు నేడు మన పట్టణములలో పలుచోట్ల వెలసినవి. కొన్ని రైతుబజారులలో వీనికి ఒకటి రెండు అరుగులు ప్రత్యేకముగా విడిచియున్నారు. కొన్నిచోట్ల వారమునకొకమారు సంతగా సాగుచున్నది. మన సంఘ సభ్యులలో ఇట్టి అంగళ్లకు సరకు కొనిపోవువారు కొందరు కలరు. అక్కడ కొనువారు అంతకంటె ఎక్కువమంది కలరు. వరి, ప్రత్తి, మిరప మాత్రమే వేయు రైతునింటికి వంకాయయు తోటకూరయు బజారునుండియే గదా వచ్చుచున్నవి! పల్లెటూరివాడు కూర కొనడనుట పూర్వపు మాట. కావున ఈ వ్యవహారమును అమ్మువాని వైపునుండి మాత్రమేగాక, సంచి చేతబట్టుకొని వచ్చినవాని వైపునుండియు చూడవలసియున్నది.

రైతు తన సరకును తానే తెచ్చి కొనువానికి నేరుగా అమ్ముకొను అంగళ్లు ప్రభుత్వముల పూనికతో ఏర్పడి నలుబది యేండ్లు కావచ్చినది. పంజాబు, హర్యానా ప్రాంతములలో 1987 లో 'అప్నీ మండీ' అను పేర నిట్టివి మొదలైనవి. మన రాష్ట్రము ఇంకను ఒకటిగా నున్న కాలమున, 1999 సంవత్సరము జనవరి 26 వ తేదీన రైతుబజారులు ప్రారంభమైనవి. అదే యేడు నవంబరులో తమిళనాడువారు మధురలో 'ఉళవర్ సందై' పేర తమ అంగడిని తెరచిరి. మన రైతుబజారునందు కూర్చుండు రైతునకు ఫొటోతో గూడిన గుర్తింపుకార్డు ఇచ్చుట, వాని ఊరును పంటను అధికారులు విచారించుట, ఉదయముననే ఆనాటి ధరలను పలకమీద వ్రాయుట అను ఏర్పాట్లు ఆదినుండియు కలవు. ధర టోకు బజారు ధరకంటె సుమారు నూటికి 25 ఎక్కువగాను, వీధి అంగడి ధరకంటె సుమారు నూటికి 25 తక్కువగాను ఉండవలెనని పెట్టుకొన్న నియమము. రైతు వేషమున వ్యాపారి చొరబడుచున్నాడను మొర కూడ ఆదినుండియు కలదు. అది నేటికిని తీరలేదు.

అయితే ఒక సంగతి స్పష్టముగా తెలిసికొనవలెను. రైతుబజారు అనగా రైతు అమ్ము అంగడి యని మాత్రమే అర్థము. అక్కడి సరకంతయు సేంద్రియము కాదు. ఆ కూర పండించునప్పుడు ఏ యెరువు వేసిరో, ఏ మందు చల్లిరో ఆ పలకమీద నుండదు. సేంద్రియమని చెప్పి పదిరూపాయలు ఎక్కువ అడిగిన రైతును కొనువాడు ఏల నమ్మవలెను? ఈ వ్యాపారమునకు గుండెకాయ ఈ ప్రశ్నయే. నమ్మకము కలిగినచో రైతునకు ధర వచ్చును. లేనిచో నిజముగా కష్టపడి పండించినవానికిని, మందు కొట్టి తెచ్చి సేంద్రియమని బొంకినవానికిని ఒకటే ధర పలుకును. అట్టి బజారులో మొదట నష్టపడి లేచిపోవువాడు నిజాయితీగలవాడే. ఏలయన, వాని ఖర్చును శ్రమయు ఎక్కువ.

కంటితో చూచి సేంద్రియమును గుర్తింపవచ్చునని పలువురు నమ్ముచున్నారు. పుచ్చువంకాయ కనబడిన 'ఇది మందు కొట్టనిది' అని సంతోషముతో ఏరుకొను పట్టణవాసులను మనము చూచుచునేయున్నాము. పుచ్చు పుచ్చే. కాయతొలుచు పురుగు మందులకు అలవాటుపడి, ఎన్ని మార్లు కొట్టినను చావకుండ మిగిలిన తోటలు మన జిల్లాలలో కోకొల్లలు. ఆ తోటల కాయలకును రంధ్రములుండును. ఇటు లింగాకర్షక బుట్టలు పెట్టి, పుచ్చిన కొమ్మలను ఎప్పటికప్పుడు త్రుంచివేసి, గట్టున బంతియు జొన్నయు వేసి కాపాడుకొన్న సేంద్రియపు తోటలో నిగనిగలాడు కాయలు రావచ్చును. చిన్నదిగా నున్నది గావున నాటుది, నాటుది గావున మందులేనిది అను తర్కమును ఇట్టిదే. రుచి విత్తనమునుబట్టి, నేలనుబట్టి, కోసిన వేళనుబట్టి మారును. నిన్న సాయంకాలము కోసిన బెండకాయ, నాలుగుదినములు లారీలో త్రిప్పిన బెండకాయకంటె బాగుగనే యుండును. అది సేంద్రియమువలన గాదు, తాజాదనమువలన. మందు అవశేషము కంటికి గాని నాలుకకు గాని తెలియదు. పరీక్షశాలలో మాత్రమే తెలియును. ప్రతి వంకాయకును పరీక్ష చేయించుట జరుగని పని.

కడిగిన పోవునుగదా యని కొందరందురు. నీళ్లలో బాగుగా కడిగిన పైని దుమ్మును, పైపైని మందును కొంతవరకు పోవును. తొక్క తీసిన మరికొంత పోవును. మొక్క లోనికి పీల్చుకొను జాతి మందులు మాత్రము కడిగిన పోవు. మందు కొట్టిన తరువాత ఇన్ని దినములవరకు కోయరాదని డబ్బామీద వ్రాసియుండు గడువును పాటించుటయే వానికి విరుగుడు. రసాయనములు వాడు మన సభ్యులు కూడ ఈ గడువును పాటించిన ఎంతో మేలు. మొదటి దినము మందు కొట్టి మరునాడు బెండకాయ కోయుట మన పల్లెలలో లేదని ఎవ్వరును ప్రమాణము చేయజాలరు. మరియు సేంద్రియపు ఆకుకూరలనైనను కడుగకుండ వండరాదు. మాగని పచ్చిపేడయు, దానితో వచ్చు సూక్ష్మక్రిములును ఆకులనంటియుండవచ్చును. అమ్ముకొను ఆకుకూరలకు బాగుగా మాగిన ఎరువే వేయవలెను.

ఇక కొనువారు చేయవలసినదేమి? వస్తువును కాదు, మనిషిని పరీక్షింపవలెను. అందులకు పెద్ద చదువు అక్కరలేదు. 'అయ్యా, మీదే ఊరు? ఎన్ని సెంట్లలో వేసితిరి? ఇది ఎన్నడు కోసినది? దీనికి ముందు ఆ చెక్కలో ఏ పంట తీసితిరి? పేనుబంక వచ్చినప్పుడు ఏమి కొట్టితిరి?' అని నాలుగు మాటలు అడిగిన చాలును. పండించినవాడైన కథవలె చెప్పుకొనిపోవును. ఆవుపేడ పది కిలోలు, మూత్రము, బెల్లము రెండు కిలోలు, పప్పుపిండి రెండు కిలోలు, గట్టుమీది గుప్పెడు మన్ను రెండువందల లీటర్ల నీటిలో కలిపి జీవామృతము చేసితిననియు, వేపగింజల కషాయము ఆలస్యముగా కొట్టుటవలన సగము చిక్కుడు పోయినదనియు నష్టములతో సహా చెప్పును. పండింపనివాడు 'అంతయు ఆర్గానిక్కేనండి' అని ఒక్క మాటతో సరిపెట్టును.

అరుగుమీది సరకును చూచియు కొంత గ్రహింపవచ్చును. రెండెకరముల రైతు ఒకే ఉదయమున ఇరువదిరకముల కూరలు తేలేడు. నడివేసవిలో మన మైదానపు ఊళ్లలో క్యారెట్టు, క్యాబేజి, బంగాళాదుంప, ఆపిలు ఒక్కచోట రాశిపోసి 'మా తోటవే' యన్నవాని మాట తేలిపోయినది. అవి చలిప్రదేశములనుండి లారీలలో వచ్చినవి. వేసవిలో దోస, బీర, పొట్ల, గోంగూర, మామిడి, వానలు వెనుకబట్టిన తరువాత సీతాఫలము, చలికాలమున చిక్కుడు, మెంతికూర, కాలీఫ్లవరు, ముల్లంగి: ఈ వరుస తెలిసిన గృహిణిని మోసగించుట కష్టము. సేంద్రియపు అంగడిలో కోరినది కోరిన దినమున దొరకదు. దొరకినదానిని వండుకొనుట నేర్చుకొనవలెను. ఇది కొనువారికి కొంత కష్టముగా తోచును గాని, ఏ కాలపు కూర ఆ కాలమున చవుకగా నుండుటయు నిజమే.

మామిడిపండ్ల విషయమున ప్రత్యేక జాగ్రత్త అవసరము. కాల్షియం కార్బైడుతో కాయలు మగ్గబెట్టుటను 2011 నాటి ఆహారభద్రతా నిబంధనలు నిషేధించినవి. ఇథిలీను వాయువును పరిమితికి లోబడి వాడుకొనుటకు 2016 లో అనుమతి లభించినది. పైన పసుపు మెరసి లోపల పులుసుగా నున్న పండును, ఋతువునకు ముందే వచ్చిన పండును అనుమానింపవచ్చును. గడ్డిలో మగ్గిన బంగినపల్లి ఒక్క దినమున ఒక్కతీరుగా రంగు తిరుగదు. బెల్లము సంగతియు నట్టిదే. తెల్లని బెల్లమునకే గిరాకి యుండుటచే వండువారు హైడ్రోసు కలుపుచున్నారు. నల్లని బెల్లమును చూచి ముఖము చిట్లించువారికి ఆ తెలుపు వచ్చిన దారి తెలియదు. బెల్లము విషయమున దోషము అమ్మువానిదెంతయో కొనువానిదియు అంతయే యని మా యభిప్రాయము.

ప్రశ్నలతో తీరని నమ్మకమునకు పత్రములు కలవు. ఇవి రెండు విధములు. మొదటిది బయటి సంస్థ వచ్చి పొలమును తనిఖీచేసి యిచ్చునది. 2001 నుండి అమలులోనున్న జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమము క్రింద నడచుచున్నది. విదేశములకు పంపవలెనన్న ఇది తప్పదు. ఖర్చు ఎక్కువ. కూరగాయలు పండించు చిన్నరైతునకు ఒంటరిగా భరింపరానిది. రెండవది 2011 లో కేంద్ర వ్యవసాయ శాఖవారు ప్రారంభించిన పీజీయస్ ఇండియా. రైతులే యొకరి పొలము నొకరు చూచి పూచీపడు పద్ధతి యిది. సహకారము నెరిగిన మనకు ఇది క్రొత్త కాదు. పూర్వము పరపతి సంఘములలో నొకని ఋణమునకు తోటిసభ్యుడు జామీనుండినట్లే, ఇచ్చట నొకని సేద్యమునకు తోటిరైతు జామీనుండును.

ఈ రెండవదానిని కొంచెము వివరింతుము. ఒకే గ్రామమువారో, ఇరుగుపొరుగు గ్రామములవారో కనీసము ఐదుగురు రైతులు ఒక స్థానిక బృందముగా చేరవలెను. నిషిద్ధమైన మందులను, రసాయనిక ఎరువులను వాడమని ప్రతివారును ప్రతిజ్ఞాపత్రముమీద సంతకము చేయవలెను. ఒక మూల సేంద్రియము, మరియొక మూల యూరియా యని శాశ్వతముగా సాగుటకు వీలులేదు. పొలమంతయు మార్చుకొనవలెను. పంటకాలమున తోటిసభ్యులు వచ్చి పొలము, ఎరువుల గుంట, మందుల గది, పశువుల కొట్టము, లెక్కపుస్తకము చూచి కాగితముమీద వ్రాయుదురు. నీవు నా పొలము చూడుము, నేను నీ పొలము చూతును అను ఒప్పందము కూడదు. ఒకని పొలమును తనిఖీచేసినవాని పొలమును వేరొకరు చూడవలెను. ఈ నియమమును పెట్టినవారు మన పల్లెలను బాగుగ నెరిగినవారే! బృందము తీర్మానమును ప్రాంతీయ మండలి చూచి ఆమోదించిన పిమ్మట పత్రము వచ్చును. ఏడాది పంటలకు 24 మాసములు, తోటలకు 36 మాసములు మార్పుకాలము. ఈ కాలములో నున్నవారి సరకునకు 'పీజీయస్ గ్రీన్' గుర్తు, పూర్తియైనవారి సరకునకు 'పీజీయస్ ఆర్గానిక్' గుర్తు ఉండును. కొనువారు ఈ భేదము తెలిసికొని, గ్రీన్ గుర్తు సరకును చులకనగా చూడకుండుట మంచిది. మార్పుకాలపు రైతునకు దిగుబడి తగ్గియుండును, ధర యింకను వచ్చియుండదు. అందరికంటె ఎక్కువ ఆసరా కావలసినవాడు ఇతడే.

పత్రములేని రైతు తన సరకును సేంద్రియమని అమ్మరాదా? సేంద్రియ ఆహారములనుగూర్చి 2017 లో చేసిన నిబంధనలలో, తాను పండించినదానిని తినువారికే నేరుగా అమ్ముకొను చిన్నరైతునకు, రైతుల సంఘమునకు పత్రము విషయమున మినహాయింపు కలదు. మధ్యవర్తి కొని తిరిగి అమ్మినచో పత్రముండవలెను. మినహాయింపు పత్రమునకే గాని నిజమునకు గాదు. 'ఇది తింటే చక్కెరవ్యాధి పోవును, కీళ్లనొప్పులు పోవును' అని అట్టముక్కలమీద వ్రాయుట కొన్నిచోట్ల కనబడుచున్నది. ఇది వెంటనే మానవలసిన పని. సేంద్రియపు సరకులో మందు అవశేషములు తక్కువగా నుండునని చెప్పవచ్చును. నేలకును, పండించువాని ఊపిరికిని మేలని చెప్పవచ్చును. పోషకములలో పెద్ద తేడా కలదని పరిశోధనలు నిశ్చయింపలేదు. కూర ఔషధమని చెప్పి అమ్మినవాని తక్కిన మాటలును నీళ్లమీది వ్రాతలగును.

ఇప్పుడు ధర మాటకు వత్తము. భారత రిజర్వు బ్యాంకు 2024 లో వెలువరించిన పరిశోధనపత్రములలో, కొనువాడు టమాటాకు ఇచ్చు నూరు రూపాయలలో రైతునకు చేరునది సుమారు 33 రూపాయలనియు, ఉల్లికి 36, బంగాళాదుంపకు 37 అనియు లెక్కగట్టిరి. ఈ అంకెలు వినగానే 'తక్కిన 67 రూపాయలును దళారి మ్రింగినాడు, మనమే పోయి అమ్మిన అంతయు మనదే' యని ఆవేశపడువారు కలరు. అది తొందరపాటు. ఆ 67 లో లారీ కిరాయి, హమాలీ, కుళ్లిన సరకు, అంగడి అద్దె, ఎండలో కూర్చున్నవాని కూలియు ఉన్నవి. మనము నేరుగా అమ్మబోయిన ఆ ఖర్చులు మాయముగావు. మన నెత్తిన పడును.

ఒక ఉదాహరణ లెక్క చూతము. ఒక రైతునకు వంకాయలు 40 కిలోలు వచ్చినవనుకొందము. టోకు బజారులో కిలో 20 చొప్పున 800 రూపాయలు. అందు కమీషను, హమాలీ కలిసి 80, కిరాయి 100 పోగా మిగిలినది 620. అదే సరకును తానే సేంద్రియపు అంగడికి తీసికొనిపోయి కిలో 32 చొప్పున అమ్మెను. ఐదు కిలోలు అమ్ముడుపోలేదు. 35 కిలోలకు వచ్చినది 1120. ఆటోకు 250, తన ఒకనాటి కూలి 500 తీసివేసిన మిగిలినది 370 మాత్రమే. టోకు బజారుకంటె 250 తక్కువ! తన కూలిని లెక్కలో వేసికొనకపోవుటచే రైతునకు ఈ నష్టము కనబడదు. చేతిలో నోట్లు ఎక్కువగా కనబడును.

అదే ఐదుగురు కలిసి 200 కిలోలు ఒక్క బండిలో వేసి ఇద్దరిని పంపిరనుకొందము. మునుపటి పాళ్లలోనే 25 కిలోలు మిగిలిపోయిననను, 175 కిలోలకు 5600 రూపాయలు వచ్చును. బండికి 800, ఇద్దరి కూలి 1000 పోగా 3800. తలకు 760. టోకు బజారుకంటె 140 ఎక్కువ, ముగ్గురికి ఆ దినము పొలముననే పని. కూర మారదు, ధర మారదు, అంగడి మారదు. మారినదెల్ల కిరాయియు కూలియు పంచుకొనుటయే. ఐదుగురును ఐదు వంకాయబుట్టలు తెచ్చుటకుమారు ఒకరు వంకాయ, ఒకరు ఆకుకూర, ఒకరు చిక్కుడు వంతులు వేసికొన్నచో మిగులు ఇంకను తగ్గును. ఏ వారమున ఎవరు ఏమి విత్తవలెనో కూర్చుండి మాటలాడుకొననిదే ఇది జరుగదు. బండి కుదుర్చుటకంటె ఈ మాటలాడుకొనుటయే కష్టము.

ధర నిర్ణయమున అత్యాశ పనికిరాదు. సేంద్రియమని రెట్టింపు ధర పెట్టిన సరకు కారున్నవారి వంటయింటికే చేరును, వారమునకొకమారే అమ్ముడగును. దినదినము కొనువాడు మధ్యతరగతివాడు. వాడు కిలోకు ఐదో పదో ఎక్కువ యిచ్చును గాని అంతకుమించి యీయడు. కొనువారును ఒక సంగతి గమనింపవలెను. ఉదయమున పలకమీది ధరకు తలయూపి, పదకొండు గంటలకు వాడిన ఆకుకూర సగము ధరకు అడుగుట న్యాయమే. తెల్లవారి ఆరు గంటలకు తడి ఆరని కట్టను పట్టుకొని బేరమాడుట న్యాయము కాదు.

తూకమునందు మచ్చ రానీయరాదు. కాటాపై తూనికల శాఖవారి ముద్ర కాలము చెల్లినదో లేదో చూచుకొనవలెను. ముద్రలేని రాళ్లతో, ఇటుకముక్కలతో తూచుట సంతలలో నేటికిని కలదు. సేంద్రియమని చెప్పి ధర హెచ్చుగా తీసికొన్నవాడు వంద గ్రాములు తక్కువ తూచిన, ఆ అపకీర్తి అరుగుమీది ఐదుగురికిని చుట్టుకొనును. సంచులవిషయము కొనువారిది. పలుచని ప్లాస్టికు సంచులు నిషిద్ధములు. గుడ్డసంచి తెచ్చుకొనుట మేలు. ఆకుకూరలను తడిగుడ్డలో చుట్టి తీసికొనిపోయిన సాయంకాలమువరకు వాడవు.

బియ్యము, పప్పులు కొనువారికి రెండు మాటలు. క్రొత్తబియ్యము ముద్దయగును. అది సేంద్రియపు దోషము కాదు. ఆరుమాసములు నిలువయుంచినవా యని అడిగి తీసికొనవలెను. మందుగుళికలు పెట్టని కందిపప్పునకు పురుగు త్వరగా పట్టును. రెండుమాసములకు సరిపడునంతకంటె ఎక్కువ కొనక, ఎండబెట్టి, వేపాకు వేసి, మూత గట్టిగానున్న డబ్బాలో నుంచుకొనవలెను.

మిగిలిన సరకు మాట ఒకటి యున్నది. పైలెక్కలో ఎనిమిదింట నొకవంతు అమ్ముడుపోలేదని వేసితిమి. దానిని చివరకు వీధి వ్యాపారికి అడిగినంతకు పారబోసి వచ్చుటకంటె, ఆ ఊరి హాస్టలు వంటశాలతోనో, భోజనశాలతోనో ముందుగా మాటలాడుకొని తక్కువ ధరకైనను నిలకడగా ఇచ్చుట మేలు. అంతకును పోనిది బండిలో వెనుకకు వచ్చి ఎరువుగుంటకు చేరవలెను. ఈ సంవత్సరము కూరగాయలు వేయదలచిన సభ్యులు విత్తనము కొనుటకు ముందే తమ గ్రామములో ఐదుగురి బృందము సమకూడునేమో విచారించి, పేర్లు, సర్వే నంబర్లు, చివరిసారి రసాయనము వాడిన తేదీయు వ్రాసి సంఘ కార్యాలయములో ఇచ్చిన, వంతుల పట్టికయు బండి ఏర్పాటును అక్కడనే కూర్చుండి వ్రాసికొనవచ్చును. మార్పుకాలము లెక్కించునది ఆ తేదీని, ప్రతిజ్ఞ చేసిన తేదీని చూచియే గావున దానిని జ్ఞాపకముమీద గాక, మందు కొన్న రసీదు చూచి వ్రాయవలెను.